పైపొర

ఫిబ్రవరి 10, మంగళవారం

గొట్టం మళ్లీ మూసుకుపోయింది. మొదటిది మెడకు కుడివైపు వేశారు, ఈ రెండోది ఎడమవైపు. మనవరాలు గిలకను డయాలసిస్ మెషీన్‌కు తగిలించగానే అలారం మోగింది. సిస్టర్ సిరంజితో లాగి చూసింది, నెట్టి చూసింది, మందు ఎక్కించి గంట ఆగి మళ్లీ చూసింది. రక్తం రాలేదు. డయాలసిస్ లేకుండానే పిల్లను ఇంటికి తెచ్చుకున్నాం.

డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు.

"మెడలో ఇక చోటు లేదమ్మా. రేపు తొడలో వేద్దాం. అది కూడా పోతే మాత్రం చాలా ఇబ్బంది."

"ఎన్నాళ్లు నిలవాలి అది?"

"చేతికి చేసిన ఫిస్టులా సూది గుచ్చడానికి పనికొచ్చేదాకా. ఇంకో నెల, నెలన్నర."

ఎవరైనా అడిగితే తడబడకూడదని నా మాటల్లో రాసి పెట్టుకుంటున్నాను. గిలక ఎడమ మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపి కుట్టారు. ధమని వేగానికి సిర లావెక్కి గట్టిపడాలి. ఆ తర్వాత గొట్టంతో పని లేదు. అప్పటిదాకా రోజూ పొద్దున్నే ఆ కుట్టు మీద వేళ్లు ఆనించి చూడాలి. చర్మం కింద జుమ్మని అదురుతూ ఉంటే రక్తం పారుతున్నట్టు. అదురు ఆగితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆలస్యమైతే గడ్డకట్టి ఇక పనికిరాదు.

గిలక ఆ చోటు ముట్టుకోదు. "చర్మం కింద ఎవరో సెల్‌ఫోన్ పెట్టి మర్చిపోయినట్టుంది, నా వల్ల కాదు," అంటుంది. వాళ్లమ్మకు, అంటే మా అమ్మాయికి, తెల్లారేసరికే ఆఫీసు బస్సు. ఆ పని నేను తీసుకున్నాను.

ఈ పూట అదురు చూశాను. ఉంది.

ఫిబ్రవరి 11

తొడలో గొట్టం వేశారు. గిలక అరవలేదు. పుట్టినప్పటినుంచీ బావి గిలకలా ఆగకుండా వాగుతుందనే కదా ఆ పేరు పెట్టింది నేను. ఇవాళ ఇంటికి వచ్చేదాకా నోరు విప్పలేదు.

ఉంది.

ఫిబ్రవరి 12, గురువారం

తొడ గొట్టం పనిచేసింది. పూర్తిగా నాలుగు గంటలూ.

"ఇది కొత్త పెట్టెలోది పెద్దమ్మగారూ," అంది సిస్టర్. "ఆ పాత పెట్టె అచ్చిరాలేదు. మీ పిల్లకే కాదు, ఆ చివరి మంచం మాస్టారికీ అంతే అయింది."

"అచ్చిరాకపోవడం అంటే ఏంటమ్మా? కంపెనీ వేరా?"

"కంపెనీ అదే, సైజు అదే, ప్లాస్టిక్కూ అదే. బ్యాచ్ ఒక్కటే వేరు. పేపర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"పేపర్లు సరిగ్గా ఉన్నాయని రక్తానికి చదివి వినిపించారా?"

ఆమె నవ్వింది. నేను హాస్యానికి అనలేదు.

ఫిబ్రవరి 15

నీళ్ల లెక్కలో తేడా వచ్చింది. గిలకకు రోజుకు ఒక లీటరే. పొద్దున ఒక సీసా నింపి పెడతాను. తను ఏం తాగినా, కూరలో పోసినా, మాత్రకు వాడినా ఆ సీసాలోంచే. సాయంత్రం బరువు చూస్తే లెక్కకు మించి పెరిగింది.

"ఐసు ముక్క చప్పరించావా?"

"ఒకటే. అది నీళ్లు కాదుగా, గడ్డ."

"కెమిస్ట్రీ చెప్పిన దాని ఇంట్లో పుట్టి ఆ మాట అంటున్నావా?"

"నాన్న ఇంట్లో పుట్టాల్సింది. ఆయనకు లెక్కలు రావు."

ఫ్రిజ్‌లో ఐసు ట్రే తీసేశాను. ఉంది.

ఫిబ్రవరి 16

ఉంది.

ఫిబ్రవరి 17

ఉంది. గిలక ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటోంది. గట్టిగా మందలించాను. ఆ చేతి మీద బరువు పడకూడదు.

"చెవి కింద పెట్టుకుంటే ఫ్రిజ్ మూలిగినట్టు వినిపిస్తుంది అమ్మమ్మా. నిద్ర పడుతుంది."

"నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు. చెయ్యి తీయి."

ఫిబ్రవరి 19, గురువారం

కిందపడి ప్యాకెట్ చిరిగిన గొట్టాలు రెండు సిస్టర్ పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. ఒకటి పాత పెట్టెలోది, ఒకటి కొత్త పెట్టెలోది. "ఏం చేసుకుంటారు, బొమ్మలు చేస్తారా?" అని అడిగింది. చూస్తానని చెప్పాను.

ఫిబ్రవరి 20

చూశాను.

రెండింటినీ నిలువునా చీల్చి, పరిచి, పలక మీద గుండుసూదులతో బిగించాను. డ్రాపర్‌తో ఒక్కో దాని మీద ఒక్కో నీటిబొట్టు వేశాను. వెనక దీపం పెట్టి, పక్కనుంచి భూతద్దంలో చూసి, బొట్టు అంచును కాగితం మీద గీసుకున్నాను. కొత్త గొట్టం మీద బొట్టు కాస్త చతికిలబడింది. పాతదాని మీద మైనం మీద వేసినట్టు గుండ్రంగా నిలబడింది. చోటు మార్చి వేశాను, బొట్టు మార్చి వేశాను, గొట్టాల వరస మార్చి వేశాను. తేడా మారలేదు.

లోపలి ప్లాస్టిక్ ఒకటే కావచ్చు. రక్తం లోపల ఏముందో అడగదు. తనకు తగిలే పైపొరనే చూస్తుంది. ఆ పొర మందం ఎంత? వెంట్రుకను వేల పోగులుగా చీలిస్తే అందులో ఒక పోగంత కూడా ఉండదు. పేపర్లు రాసినవాళ్లు గొట్టం అంతా కలిపి పరీక్ష చేసి ఉంటారు. అందులో వాళ్ల అబద్ధం ఏమీ లేదు.

ఇన్నాళ్లకు ఒక పని చేసినట్టు అనిపించింది. సంతోషం అని రాయను.

నా పాత విద్యార్థి సందేహానికి ఫోన్ చేశాను. క్లాసులో చెయ్యి దించేవాడు కాదు, అందుకని వాడికి ఆ పేరు. ఇప్పుడు ఒక పరీక్షల ల్యాబులో పెద్ద ఉద్యోగి.

"మేడమ్, ఒక సందేహం."

"ఒక్కదానితో ఎప్పుడు ఆగావురా?"

"బొట్టు గుండ్రంగా ఉందంటే మీ వేళ్ల జిడ్డు అంటుకుని ఉండొచ్చు కదా?"

"పటకారుతో పట్టుకున్నాను."

వాడు గొంతు సవరించుకున్నాడు. ఎందుకో నాకు తెలుసు. కాలేజీలో నా వెనక వాళ్లు నన్ను పటకారు అనేవాళ్లు. వేడి బీకరు బర్నర్ మీదినుంచి ఒట్టి చేత్తో దించేదాన్ని. గుడ్డ వెతుక్కుంటూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది. ఆ పేరంటే నాకేమీ కోపం లేదు. పైకి చెప్పలేదంతే.

ఫిబ్రవరి 23

ముక్కలు ల్యాబుకు పంపాను. పైపొరను మాత్రమే చదివే యంత్రం ఉందట, దాంట్లో పెడతాడట. సిస్టర్‌తో చెబితే ఆమె స్టోరువాళ్లతో మాట్లాడి పాత పెట్టె పక్కన పెట్టించింది. "రిపోర్టు వచ్చేదాకా తెరవం పెద్దమ్మగారూ."

ఉంది.

ఫిబ్రవరి 26

ఉంది. వార్డులో సిస్టర్ కూడా చూసింది. "బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది, ఇంకో మూడు వారాల్లో సూది గుచ్చేయొచ్చు," అంది.

మార్చి 2

కుడి చూపుడువేలి మీద బొబ్బ లేచింది. అమ్మాయి చూసి చెప్పింది.

"ఎప్పుడు కాలిందమ్మా?"

"పొద్దున పాలగిన్నె దించేటప్పుడు అయ్యుంటుంది."

"అయ్యుంటుంది ఏంటి? వేలు కాలితే తెలీదా నీకు?"

"నాకు బొబ్బల కంటే ముఖ్యమైన పనులున్నాయి."

"ఆ వేళ్లు ఒకసారి డాక్టరుకు చూపించుకో అమ్మా."

ఇంట్లో ఒకరికి ఆసుపత్రి చాలు అన్నాను. పాలు మాత్రం పొంగలేదు. ఇన్నేళ్లలో నా చేతిలో పాలు ఒక్కసారీ పొంగలేదు.

మార్చి 4

ఉంది.

మార్చి 7, శనివారం

డయాలసిస్ మధ్యలో గిలకకు బీపీ పడిపోయింది. కళ్లు తేలేసింది. కాళ్లు ఎత్తిపెట్టి సెలైన్ ఎక్కించారు. తేరుకున్నాక మొదటి మాట: "ఆ సెలైన్ నీళ్ల లెక్కలో రాస్తావా?" రాశాను.

వెళ్లేముందు సిస్టర్ చేతి మీద వేళ్లు పెట్టి చూసింది. బాగుందని చెప్పింది. గిలక ఇంటికి వచ్చి ఏమీ తినకుండా పడుకుంది.

మార్చి 8, ఆదివారం

ఉంది.

"నిజంగా ఉందా?" అని అడిగింది గిలక. ఎన్నడూ అడగదు. నా మాట మీద నమ్మకం లేదా అన్నాను. తను చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

మార్చి 9

ఉంది.

మార్చి 10, మంగళవారం

సిస్టర్ చూసి, లేదు అంది.

మార్చి 11

లోపలికి తీసుకెళ్లి గడ్డ తీయడానికి ప్రయత్నించారు. మూడు గంటలు పట్టింది. డాక్టర్ బయటికి వచ్చి మాస్కు తీసి, "లాభం లేదమ్మా. గడ్డ గట్టిపడిపోయింది, రెండు రోజులకు పైబడే అయ్యుంటుంది. ఇంట్లో రోజూ చూసేదెవరు?" అన్నాడు.

"మా అమ్మే," అంది అమ్మాయి. "ఆవిడ లెక్క తప్పదు."

"నిన్న పొద్దున ఉంది," అన్నాను నేను. "ఆసుపత్రికి వచ్చే దారిలో ఆగి ఉంటుంది."

కుడిచేతికి పై భాగంలో మళ్లీ చేస్తారట. మళ్లీ మొదటినుంచి రెండు నెలలు. అప్పటిదాకా పిల్ల ప్రాణం తొడలో గొట్టం మీద ఆధారపడి ఉంది. అమ్మాయి కిడ్నీ సరిపోలేదు. నాకు వయసు దాటిపోయింది. ఇంకొకటి ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

మార్చి 12

పొద్దున ఉంది. నేను చూశాను. మంగళవారం పొద్దున, పాలు కాచిన తర్వాత, గిలక పళ్లు తోముకోకముందు. అదురు తెలిసింది.

మార్చి 13

ఏడుపు వస్తుందేమోనని తలుపు వేసుకుని కూర్చున్నాను. రాలేదు. బీరువా సర్దాను. పాత చీరలు మడత విప్పి మళ్లీ మడత పెట్టాను.

మార్చి 14

గడ్డ వయసు చేత్తో చూసి చెప్పడం అంత ఖచ్చితమైన విషయం కాదు. డాక్టర్ "అయ్యుంటుంది" అన్నాడు. ఆ మాటకు పరీక్షలో నేను మార్కులు వేయను.

పొద్దున ఉంది.

మార్చి 15, ఆదివారం

సందేహం రిపోర్టు పట్టుకుని స్వయంగా వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే బెంచీ మీంచి లేచినట్టు కుర్చీలోంచి లేచాడు.

"మీ బొట్టు నిజమే చెప్పింది మేడమ్. లోపల రెండూ ఒకటే ప్లాస్టిక్. పాతదాని పైపొరలో మాత్రం మైనం ఉంది. గొట్టం సాఫీగా పోత రావడానికి తయారీలో చిటికెడు కలుపుతారు. అది లోపలే ఉండాలి. వేడి తగిలేచోట నిలవ ఉంటే మెల్లగా పైకి వచ్చి పరుచుకుంటుంది. కంటికి కనబడదు."

"రక్తం గడ్డకట్టింది దానివల్లేనా?"

"తేడా ఉందని చెప్పగలను. కారణం అదేనని చెప్పలేను."

"సరైన జవాబు. కూర్చో."

ఆసుపత్రివాళ్లకు కాపీ ఇచ్చాడట. పాత పెట్టె వెనక్కి పంపేస్తున్నారు. చివరి మంచం మాస్టారికి కూడా కొత్త పెట్టెలోంచే వేస్తారు. గిలక తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది.

వెళ్లేముందు జేబులోంచి రెండు చిన్న పలకలు తీశాడు. ఒకదాని మీద ఒట్టి ప్లాస్టిక్ పొర, ఒకదాని మీద మైనం పట్టిన పొర. "దీనికి యంత్రం కూడా అక్కర్లేదు మేడమ్, వేలితో తెలిసిపోతుంది. ఒకటి జారుతుంది, ఒకటి వేలిని పట్టుకుంటుంది. కళ్లు మూసుకుని చెప్పండి, మైనం ఏది?"

ముట్టుకున్నాను. కుడివైపుది అన్నాను.

"అదీ పటకారు మేడమ్ అంటే!" అని నాలుక కరుచుకున్నాడు. గిలక చాలా రోజుల తర్వాత నవ్వింది.

నాకు ఏమీ తెలియలేదు. ఊహించి చెప్పాను.

మార్చి 16

పరీక్ష చేశాను. పద్ధతిగా.

గిలక నిద్రపోతుండగా వంటింట్లో కూర్చుని, పలకల వెనక పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, గుడ్డసంచిలో వేసి కలిపి, చూడకుండా ఒకటి తీసి, వేలితో రుద్ది, ఏదో చెప్పి, తిప్పి చూసి, రాసుకుని, మళ్లీ మొదలుపెట్టాను. చూపుడువేలు అయ్యాక నడిమి వేలు, తర్వాత ఉంగరపు వేలు, తర్వాత ఎడమ చెయ్యి. సగం ఒప్పు, సగం తప్పు. నాణెం ఎగరేసినా అదే వచ్చేది.

మరి రోజూ పొద్దున నాకు తెలిసిన అదురు ఏమిటి?

చెయ్యి చాచి గోడకు ఆనించాను. గిలక మణికట్టు మీద నొక్కినంత గట్టిగా నొక్కి ఉంచాను. కాసేపటికి వేళ్ల లోపల అదురు తెలిసింది. నిదానంగా, వరసగా.

గోడలో రక్తం లేదు. ఆ అదురు నాది.

ఇన్ని రోజులూ పిల్ల చెయ్యి పట్టుకుని నా నాడి చూసుకున్నాను. ఉంది, ఉంది అని రాసుకున్నాను.

మార్చి 17, మంగళవారం

గిలకతో చెప్పాను. వార్డులో, మెషీన్ నడుస్తుండగా. ఇంట్లో అయితే తను లేచి వెళ్లిపోగలదు, లేదా నేను వెళ్లిపోగలను.

"గిలకా, నా వేళ్లకు స్పర్శ లేదు."

తను కిటికీవైపు చూస్తోంది.

"ఎప్పటినుంచి లేదో తెలీదు. ఆదివారం పొద్దున నేను చూసేసరికే అది ఆగిపోయి ఉండాలి. ఉందని చెప్పాను. సోమవారం, మంగళవారం పొద్దున కూడా చెప్పాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"శనివారం రాత్రే ఫ్రిజ్ ఆగిపోయింది." ఇంకా కిటికీవైపే చూస్తోంది. "నీరసంగా ఉండి చెయ్యి తల కిందే పెట్టుకుని పడుకుండిపోయాను. మెలకువ వచ్చేసరికి చప్పుడు లేదు. పొద్దున నువ్వొచ్చి ఉందన్నావు. నువ్వన్నాక ఉండే ఉంటుందనుకున్నా."

"నాకు చెప్పాల్సింది కదే."

"చెబితే, చెయ్యి తల కింద ఎందుకు పెట్టావంటావు."

నిజమే. అంటాను.

"అంటాను," అన్నాను.

"ఊఁ."

మెషీన్‌లో పంపు తిరుగుతూనే ఉంది. రక్తం ఒక గొట్టంలోంచి వెళ్లి ఇంకో గొట్టంలోంచి వస్తోంది. తన కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. పట్టుకున్నాను. వెచ్చగా ఉందో చల్లగా ఉందో చెప్పలేను.

మార్చి 18

సిస్టర్‌కు చెప్పాను, డాక్టర్‌కు చెప్పాను. ఇద్దరూ మీ తప్పు కాదన్నారు. వయసుకు వస్తుందట, రసాయనాల్లో పనిచేసినవాళ్లకు ఇంకా ముందే వస్తుందట. అమ్మాయికి చెబితే నా చెయ్యి తిప్పి బొబ్బ మచ్చ చూసింది. తర్వాత, "రేపటినుంచి పాలు నేను కాచి వెళ్తాను," అంది.

వద్దన్నాను. చూపు బాగానే ఉంది, పొంగేది కనబడుతుంది. ఇక గుడ్డతో దించుతాను.

మార్చి 27

కుడిచేతికి మోచెయ్యి పైన ఫిస్టులా చేశారు. తొడ గొట్టం ఇంకా ఆడుతోంది.

మార్చి 29

"ఇక నువ్వే చూసుకోవాలి," అన్నాను.

"నాకు భయం. నువ్వు చూడు."

"నా వేళ్లు పనికిరావు."

"చెవులు కూడా పనికిరావా?"

చెవులు బాగానే ఉన్నాయి. గోడకు అవతల ఐసు ముక్క కొరికినా వినబడుతుంది. వంగి, తన చేతి మీద చెవి ఆనించాను. నేను ఎవరికీ అంత దగ్గరగా వెళ్లే మనిషిని కాను. కట్టుకు మందు వాసన, మెడ దగ్గర చెమట వాసన. మొదట ఏమీ లేదు. ఊపిరి బిగబట్టాను.

"స్టేషన్ దొరకలేదా?"

"మాట్లాడకు."

ఎక్కడో దూరంగా, గాలి సందులోంచి దూరినట్టు చప్పుడు. ఒక్కో కొట్టుకూ లేస్తూ, తగ్గుతూ. నా నాడి మీద వేలు పెట్టి చూసుకోబోయి మానేశాను. నా నాడి నా చెవిలోనే కొట్టుకుంటోంది, దానికంటే ఇది వేగంగా ఉంది. నాది కాదు.

"ఉందా?" అంది.

"ముందు నువ్వు చెప్పు."

తను కళ్లు గట్టిగా మూసుకుని, ఎడమచేతి వేళ్లు రెండు అక్కడ పెట్టింది. మొహం చిట్లించింది. "ఛీ. ఉంది."

"ఉంది," అన్నాను.

ఏప్రిల్ 6

ఉంది, తను చెప్పింది. ఉంది, నేను విన్నాను.

ఏప్రిల్ 14

ఇద్దరి లెక్కా కలిసింది.

ఏప్రిల్ 22

తను లేదేమో అంది. నేను ఉందన్నాను. తన మాటే పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాం. సిస్టర్ చూసి ఉందంది. ఆటో దండగ అని గిలక దారంతా సణిగింది. కాదు అన్నాను. రేపు మళ్లీ అనుమానం వస్తే మళ్లీ వెళ్దాం అన్నాను.

మే 19, మంగళవారం

సూది గుచ్చారు. రెండు సూదులూ చేతికే. రక్తం బాగా వచ్చింది. గిలక సూదివైపు చూడకుండా సిస్టర్‌ను తిడుతూ కూర్చుంది. ఇంకో రెండు మూడుసార్లు చూసి తొడ గొట్టం తీసేస్తారట. అది చివరిదాకా మూసుకుపోలేదు. పైపొర వల్లా, మరి దేనివల్లా? సందేహం చెప్పినట్టు, చెప్పలేను.

మే 20

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి వెళ్లాను. గిలక నిద్రలో ఉంది. లేపకుండా చేతి మీద చెవి ఆనించాను. బాగా గట్టిగా ఉంది ఇప్పుడు. చెవి ఆనగానే వినబడుతుంది, వెతకనక్కర్లేదు. విన్నాక లేవాలి. లెక్క అయిపోయింది.

తను నిద్రలోనే చెయ్యి కదిపి నా తల మీద వేసింది. జుట్టులో వేళ్లు కదిలాయి. తల మీద స్పర్శ బాగానే తెలుస్తోంది.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. లేవలేదు.

పాలు పొంగాయి.